మంచు కరిగాక మొదలైన కష్టం: టెక్సాస్, 2021 ఫిబ్రవరి – నా అనుభవం

డాలస్‌కు ఉత్తరాన కాలిన్ కౌంటీలో మా ఇల్లు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు మూడు రోజులు కరెంటు లేదు, ఆటిక్‌లో (సీలింగుకీ పైకప్పుకీ మధ్య ఖాళీలో) పైపు పగిలింది, ఇన్సూరెన్సు నుంచి ఆఖరి చెక్కు డిసెంబరులో చేతికొచ్చింది. చలి సంగతి అందరూ చెబుతారు. నిజానికి చలి వారంలో పోయింది, మిగతా పది నెలలూ నీళ్లతోనూ కాగితాలతోనూ గడిచాయి. ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లకి, కొనబోయేవాళ్లకి పనికొస్తుందని జరిగిన వరసలో రాస్తున్నాను.

ఫిబ్రవరి 11, గురువారం. పొద్దున్నే సన్నటి జల్లు రోడ్డు మీద పడుతూనే గడ్డకట్టింది. ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 డబ్ల్యూ హైవే మీద 133 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు పోయారు. మర్నాడు గవర్నరు రాష్ట్రంలోని 254 కౌంటీలకూ విపత్తు ప్రకటించారు. ఆ 254 అన్న అంకెలో ఎంత ఉందో అప్పుడు తట్టలేదు. టెక్సాస్‌కు తుపాన్లు కొత్త కాదు. 1900లో గాల్వెస్టన్‌ను ముంచిన తుపానుకు తక్కువలో తక్కువ 6 వేల మంది చనిపోయారు, 2017లో హార్వీ హ్యూస్టన్‌ను ముంచింది. కానీ అవన్నీ తీరం వైపు దెబ్బలు. అక్కడ ఇళ్లు మునిగితే డాలస్ నుంచి ప్లంబర్లు, వడ్రంగులు, షీట్‌రాక్ (గోడలకూ సీలింగుకూ బిగించే జిప్సం పలకలు) వేసేవాళ్లు వెళ్లేవారు. ఈసారి రాష్ట్రం మొత్తానికీ ఒకే వారంలో పైపులు పగిలాయి. ఎవరి ఊళ్లో పని వాళ్లకే సరిపోలేదు, ఇంక ఎవరు ఎవరి దగ్గరికి వస్తారు?

శని, ఆదివారాల్లో అందరం చేసే పనులే చేశాం: బయటి కుళాయిలకు తొడుగులు, సింకుల కింద అల్మారా తలుపులు బార్లా తెరవడం, కుళాయిలు సన్నటి ధారగా వదలడం. ఇక్కడ ఒక విషయం. ధార వదలాల్సింది వేడినీళ్ల లైను, చన్నీళ్ల లైను రెండింటికీ. ఇంట్లోకి నీళ్లు వచ్చే మెయిన్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న కుళాయి నుంచి మొదలుపెట్టాలి. అయినా కొన్ని లైన్లను ఈ ఉపాయం కాపాడలేదు. వాషింగ్ మెషిన్‌కూ, ఫ్రిజ్‌లో ఐస్ తయారయ్యే చోటికీ వెళ్లే పైపుల చివర వదలడానికి కుళాయే ఉండదు. మా ఇంట్లో పగిలింది వాషింగ్ మెషిన్ లైనే. ఈ ప్రాంతంలో ఇళ్లకి బేస్‌మెంట్ ఉండదు, నేల మీద కాంక్రీటు పలక పోసి కడతారు. దాంతో నీళ్ల పైపులు, చాలా ఇళ్లలో వాటర్ హీటర్‌తో సహా, ఆటిక్‌లోనే ఉంటాయి. ఎండాకాలం వేడి బయటికి పోవాలని ఆటిక్‌కు చూరు కింద గాలి కన్నాలు పెడతారు. ఆ కన్నాల్లోంచే చలిగాలి నేరుగా పైపుల మీదికి వచ్చింది.

15వ తేదీ సోమవారం తెల్లవారుజామున 1:20కి రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ అత్యవసర స్థితి మూడో దశ ప్రకటించి కోతలు మొదలుపెట్టింది. రెండు దాటాక మా వీధిలో కరెంటు పోయింది. 'రొటేటింగ్' కోత అన్నారు కాబట్టి ఓ గంటలో వస్తుందనుకుని పడుకున్నాం. తిరిగి వచ్చింది బుధవారం రాత్రికి. వంతులవారీ కోత ఎందుకు కుదరలేదంటే, ఆసుపత్రులు, ఫైర్ స్టేషన్ల లాంటివి ఉన్న ఫీడర్లను, అంటే పేటలకు కరెంటు తెచ్చే లైన్లను, ఆపకూడదు. ఆపాల్సిన లోడు ఒక దశలో 20 వేల మెగావాట్లకు చేరింది. ఆసుపత్రులవీ అవీ పక్కనపెడితే మిగిలిన ఫీడర్లన్నీ ఆపినా లెక్క బొటాబొటిగా సరిపోతుంటే, ఒకరికి తీసి ఒకరికి ఇవ్వడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఎదురు వరసలో దీపాలు వెలుగుతుంటే మా వరస చీకట్లో ఉండటానికి కారణం అదే, ఎవరి పలుకుబడీ కాదు. వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద చాలా కథలు నడిచాయి.

ఆ రాత్రి, మామూలుగా 60 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.4 కంటే కిందికి జారి 4 నిమిషాల 23 సెకన్లు అక్కడే ఉంది. అదే 9 నిమిషాలు ఉంటే జనరేటర్లు వాటంతట అవే విడిపోయి గ్రిడ్ మొత్తం కుప్పకూలేది, తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టేది. ఆ సంగతి తెలిశాక మూడు రోజుల చీకటి మీద నాకున్న కోపం కొంత తగ్గింది.

పక్క రాష్ట్రాల నుంచి కరెంటు ఎందుకు తేలేదని ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడిగారు. దానికి జవాబు ఈ రాష్ట్రం చరిత్రలో ఉంది. 1836లో మెక్సికో నుంచి విడిపోయి, 1845 చివర్లో అమెరికాలో కలిసేదాకా టెక్సాస్ ఒక దేశం. మా సంగతి మేమే చూసుకుంటామన్న ఆ బుద్ధి ఇంకా పోలేదు. రాష్ట్రాల మధ్య ప్రవహించే కరెంటును కేంద్రం అదుపులోకి తెస్తూ 1935లో చట్టం వచ్చింది. సరిహద్దు దాటించకపోతే ఆ అదుపు ఉండదని ఇక్కడి కంపెనీలు వైర్లను రాష్ట్రం లోపలే ఉంచుకున్నాయి. ఈ రోజుకీ బయటికి ఉన్నవి కొంచెం కరెంటు మాత్రమే ఇచ్చిపుచ్చుకోగల కొద్దిపాటి డీసీ లింకులే. పశ్చిమ చివర ఉన్న ఎల్ పాసో మాత్రం ఎర్కాట్‌లో లేదు, పడమటి రాష్ట్రాల గ్రిడ్‌లో ఉంది. 2011 ఫిబ్రవరిలో ఇలాంటి చలే వచ్చి ఇలాగే కోతలు పడ్డాయి. ప్లాంట్లను చలికి తట్టుకునేలా సిద్ధం చేయండని కేంద్ర నివేదిక అప్పుడే చెప్పింది. ఎల్ పాసో ఆ పని చేసింది, 2021లో అక్కడ పెద్దగా కోతల్లేవు. మిగతా రాష్ట్రంలో గ్యాస్ బావుల దగ్గర వాల్వులు గడ్డకట్టాయి. దానికి తోడు గ్యాస్‌ను తోసే కంప్రెసర్లకే కరెంటు కోసేశారు, అవి అత్యవసర లోడు జాబితాలో నమోదు కాలేదు కాబట్టి. గ్యాస్ లేక ప్లాంటు ఆగె, ప్లాంటు ఆగి గ్యాస్ ఆగె. తప్పంతా గాలిమరలదే అని టీవీల్లో అరిచారు గానీ, 2021 నవంబరులో వచ్చిన కేంద్ర నివేదిక ప్రకారం మొరాయించిన యూనిట్లలో సగానికి పైగా గ్యాస్‌వే.

ఇంట్లో పరిస్థితి. హీటర్ నడిచేది గ్యాస్‌తోనే అయినా వేడిగాలిని తోసే ఫ్యాను కరెంటుది, కాబట్టి గ్యాస్ ఉండీ లాభం లేదు. సోమవారం ఉదయం 60 ఫారెన్‌హీట్ ఉన్న ఇల్లు మంగళవారానికి 41కి దిగింది. మంగళవారం పొద్దున డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2, అంటే మన లెక్కలో మైనస్ 19 సెల్సియస్. 1949 తర్వాత అంత చలి అక్కడ లేదు. గ్యాస్ స్టవ్‌కు స్పార్క్ రాకపోయినా అగ్గిపుల్ల చూపిస్తే వెలిగింది. ఇల్లంతా వెతికితే ఉన్న అగ్గిపెట్టె పూజ గదిలోది ఒక్కటే. స్టవ్ వంటకు మాత్రమే, గది వెచ్చబెట్టడానికి కాదు. హ్యూస్టన్‌లో బొగ్గుల కుంపటి ఇంట్లో పెట్టుకుని, గరాజ్‌లో కారు ఆన్‌లో ఉంచి, కార్బన్ మోనాక్సైడ్‌తో కుటుంబాలు పోయాయి. ఫోన్ చార్జింగుకు కారు కావాలి, కారుకు గరాజ్ తలుపు తెరుచుకోవాలి, ఆ తలుపు నడిచేది కరెంటుతో. లోపల పైన వేలాడే ఎర్ర తాడు కిందికి లాగితే మోటారు విడిపోయి తలుపు చేత్తో లేస్తుంది. కారు పూర్తిగా బయటికి తీశాకే ఇంజను ఆన్ చేయాలి. ఈ ఎర్ర తాడు సంగతి మా వీధిలో సగం మందికి తెలియదు.

18న కరెంటు నిలకడగా ఉంది, హీటర్ నడిచింది, అందరం గండం గడిచిందనుకున్నాం. పైపు ఎప్పుడు పగిలిందో మాకెవరికీ తెలియదు, ఎందుకంటే గడ్డకట్టి ఉన్నంతసేపూ ఐసే బిరడాలా పనిచేస్తుంది. పగలగొట్టేది కూడా ఐసు కాదు. ఐసు ముద్దకీ, మూసి ఉన్న చివరికీ మధ్య ఇరుక్కున్న నీళ్ల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న చోట చీలుస్తుంది. పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు కాస్త సాగి తట్టుకుంటుంది, దాన్ని కలిపే ఫిట్టింగ్ చిట్లుతుంది. మాదీ అంతే, పైపు మలుపులో పెట్టే అర అంగుళం ఎల్బో.

19 శుక్రవారం మధ్యాహ్నం ఎండ వచ్చింది. కింది ఆఫీసు గది సీలింగులో పళ్లెమంత గోధుమ రంగు మరక కనిపించింది. కాసేపటికి స్మోక్ అలారం అంచు నుంచి చుక్కలు, తర్వాత సీలింగు పొట్ట ఉబ్బినట్టు కిందికి వంగడం. ఇక్కడ చేయాల్సినవి వరస తప్పకూడదు. ముందు నీళ్ల మెయిన్. ఫుట్‌పాత్ పక్కన మీటరు పెట్టె ఉంటుంది, దాని మూత ఎత్తి, టి ఆకారంలో ఉండే కీతో వాల్వును పావు చుట్టు తిప్పాలి. మా మూత ఐసుతో అతుక్కుపోయి ఉంది, స్క్రూడ్రైవర్‌తో అంచు చుట్టూ కొట్టాల్సి వచ్చింది. ఆ కీ మామూలు రోజుల్లో ఇరవై డాలర్ల లోపే, ఆ వారం ఏ దుకాణంలోనూ లేదు. తర్వాత ఆ గది కరెంటు బ్రేకర్ ఆపేయాలి. వాటర్ హీటర్ గ్యాస్‌ను పైలట్‌కు (చిన్న మంట మాత్రమే ఉండే చోటికి) తిప్పాలి. కింది అంతస్తు కుళాయిలు తెరిచి లైన్లలో మిగిలిన నీళ్లు వదిలేయాలి. ఉబ్బిన సీలింగుకు కింద బకెట్ పెట్టి స్క్రూడ్రైవర్‌తో చిన్న కన్నం పొడవాలి. పొడవకపోతే తడిసిన ఇన్సులేషన్‌తో సహా షీటంతా ఊడి నెత్తిన పడుతుంది. పక్కింట్లో అలాగే పడింది.

ఏదీ కదపక ముందే వీడియో తీయండి. గది గదికీ, గోడ దగ్గర్నుంచి సీలింగు దాకా, కారే నీళ్లతో సహా. పగిలిన పైపు ముక్క పారేయకండి, నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్సు మనిషి (అడ్జస్టర్) మొదట అడిగింది దాన్నే.

శుక్రవారం సాయంత్రమే క్లెయిమ్ పెట్టాం. ప్లంబర్‌కు మార్చి మొదటి వారం దాకా తేదీ లేదు. ఈలోపు నీళ్లు కావాలంటే ఉన్న దారి, చేత్తో నొక్కితే పట్టుకునే పుష్-ఫిట్ మూతతో పగిలిన లైనును మూసేసి మిగతా ఇంటికి నీళ్లు వదలడం. మూత అర అంగుళానిది కావాలి. మాకు తెలిసిన ఒకాయన ఓక్లహోమా వెళ్లి వస్తూ పది మందికి సరిపడా పట్టుకొచ్చాడు.

నీళ్లు పీల్చి ఆరబెట్టేవాళ్లు 21న వచ్చారు. తడిసిన షీట్‌రాక్‌ను గోడ కింద నుంచి రెండడుగుల ఎత్తున కోసేసి, సీలింగు విప్పి, తేమ మీటరుతో చూసుకుంటూ పెద్ద ఫ్యాన్లు, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫైయర్లు నాలుగు రోజులు నడిపారు. ఆ మోతలో ఇంట్లో ఉండలేం. వాళ్ల బిల్లు యంత్రానికి, రోజుకు ఇంత అని లెక్కగడతారు, మాది 5,900 డాలర్లు. ఏ యంత్రం ఎన్ని రోజులు నడిచిందో, ప్రతిరోజూ తేమ రీడింగ్ ఎంతో రాసిన కాగితం అడిగి తీసుకోండి. అది లేకపోతే ఇన్సూరెన్సు వాళ్లు రోజులు కత్తిరిస్తారు. మొదట వచ్చి సంతకం పెట్టమనే కాగితం పూర్తిగా చదవాలి: కొన్నిట్లో క్లెయిమ్ డబ్బు మీద మీ హక్కే వాళ్లకు రాసిచ్చే వాక్యం ఉంటుంది. డిడక్టబుల్ (నష్టంలో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) మేం కట్టుకుంటాం, మీకేమీ పడదు అని వచ్చే కాంట్రాక్టరును పంపించేయండి, 2019 నుంచి టెక్సాస్‌లో అది నేరం.

డిడక్టబుల్ విషయంలో పాలసీ మొదటి పేజీ చూసుకోవాలి. మా దాంట్లో రెండు ఉన్నాయి: గాలి, వడగళ్లకు ఇంటి కవరేజీలో 2 శాతం, మిగతా వాటికి 1 శాతం. చలికి పైపు పగలడం రెండో దాంట్లోకి వస్తుంది. 4 లక్షల డాలర్ల కవరేజీ మీద 4,000 డాలర్లు. ఫోన్‌లో మాట్లాడిన మొదటి మనిషి 8,000 అన్నాడు, పేజీ చూపిస్తే దిద్దుకున్నారు.

అడ్జస్టర్ మనిషిగా రాలేదు. కోవిడ్ రోజులు, పైగా లక్షల క్లెయిములు, కాబట్టి మార్చి 9న వీడియో కాల్‌లో చూశారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా 18,600. అందులో పాతబడినందుకు 3,100, డిడక్టబుల్ 4,000 తీసేసి 11,500 పంపారు. ఆ 3,100 పోయినట్టు కాదు, పని పూర్తయి బిల్లు చూపిస్తే తిరిగి ఇస్తారు, దానికి గడువు ఉంటుంది. మా పాలసీలో ఏడాది. మొదటి అంచనాను ఆఖరి మాట అనుకోకూడదు. వీడియోలో కనపడనివన్నీ అందులో ఉండవు: ఆటిక్ ఇన్సులేషన్, సీలింగు మీద నారింజ తొక్కలా గరుకుగా ఉన్న పూతకు కొత్తది కలిసిపోయేలా వేయడం, మరక ఉన్న మూలకు కాకుండా సీలింగు మొత్తానికి రంగు, మూల నుంచి మూలకు ఒకే పరుపుగా ఉన్న లామినేట్ (చెక్కలా కనిపించే నేల పలకలు). మా కాంట్రాక్టరు లైను లైనుకూ ఫొటో జతచేసి అడిగితే ఇంకో 6,200 ఒప్పుకున్నారు. అడగనివాళ్లకు రాలేదు, అంతే తేడా.

ఆలస్యానికి చట్టంలో గడువులున్నాయి. కావాల్సిన కాగితాలన్నీ అందాక 15 పనిదినాల్లో అవుననో కాదనో చెప్పాలి, ఇస్తామన్నాక 5 పనిదినాల్లో పంపాలి. పెద్ద విపత్తుల్లో ఇంకో 15 రోజులు కలుస్తాయి. అందుకే అడిగినవన్నీ ఫలానా తేదీన పంపామని మెయిల్‌లోనే రాయాలి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

చెక్కు వచ్చిందని సంతోషపడితే దాని మీద మా ఇద్దరి పేర్లతో పాటు లోన్ కంపెనీ పేరు కూడా ఉంది. వాళ్లకు పంపితే సంతకం పెట్టి ఇవ్వరు, మూడు వాయిదాల్లో ఇస్తారు: మొదట మూడో వంతు, సగం పని అయ్యాక తనిఖీ, ఆఖర్న ఇంకో తనిఖీ. మార్చిలో వచ్చిన డబ్బు మా చేతికి మొదటిసారి అందింది ఏప్రిల్ చివర్న. కాంట్రాక్టరేమో ముందు డబ్బు లేనిదే షీట్‌రాక్ దించడు. చాలామంది క్రెడిట్ కార్డు గీకింది ఈ సందులోనే.

సామాన్ల లిస్టు వేరే తలనొప్పి. ప్రతి వస్తువుకూ ఎప్పుడు కొన్నారు, ఎక్కడ, ఎంత. ఆఫీసు గది అల్మారా అడుగున పెట్టెలో ఉన్న పట్టుచీరలు తడిసి రంగులు ఒకదానికొకటి ఎక్కాయి. ధర్మవరంలోనో కంచిలోనో పదేళ్ల కిందట కొన్న చీరకు రసీదు ఎవరి దగ్గరుంటుంది? పెళ్లి ఫొటోల్లో కట్టుకున్న చీరలు చూపించి, అలాంటి చీర ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎంతకు అమ్ముతున్నారో పేజీ జతచేస్తే ఒప్పుకున్నారు. రూపాయల ధరను డాలర్లలోకి మార్చి రాయాలి. మనసుకు వాటి ధర అది కాదని వాళ్లకు చెప్పి లాభం లేదు.

హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకు ఒక మాట. ఫిబ్రవరి 19న కేంద్రం విపత్తు ప్రకటించిన మొదటి 77 కౌంటీల్లో డాలస్, కాలిన్, డెంటన్ ఉన్నాయి. కేంద్ర విపత్తు సాయం సంస్థ ఫీమా ఇచ్చే నగదు సిటిజెన్లకు, గ్రీన్‌కార్డు వాళ్లకు. హెచ్‌1బి వాళ్లకు నేరుగా రాదు, కానీ ఇంట్లో ఇక్కడ పుట్టిన పిల్లలుంటే వాళ్ల తరఫున తల్లిదండ్రులు పెట్టుకోవచ్చు. ఇది తెలియక వదిలేసినవాళ్లు మా చుట్టూ బోలెడుమంది. ఇన్సూరెన్సు ఇచ్చినదానికి ఫీమా మళ్లీ ఇవ్వదు, ఇన్సూరెన్సు వాళ్లు కాదన్న వాటికి, కాదంటూ వాళ్లు రాసిన ఉత్తరం జతచేయాలి.

పని ఆగస్టులో మొదలై అక్టోబరులో అయింది, లామినేట్ కోసమే ఆరు వారాలు ఆగాం. ఆపేసిన 3,100 డిసెంబరులో వచ్చింది. ఈ క్లెయిమ్ ఏడేళ్ల దాకా ఇన్సూరెన్సు కంపెనీలన్నీ చూసే రిపోర్టులో ఉంటుంది. రేపు ఇల్లు అమ్మేటప్పుడు పూర్వం నీళ్ల నష్టం జరిగిందా అని టెక్సాస్ ఫారంలో అడుగుతారు, జరిగిందని రాయాల్సిందే. ప్లంబరు బిల్లు, ఆరబెట్టినప్పటి తేమ రీడింగులు, గోడ మూయక ముందు తీసిన ఫొటోలు ఒకే చోట దాచి ఉంచితే కొనేవాళ్ల ఇన్‌స్పెక్టరుకు చూపించవచ్చు.